ఆంధ్రలో పడిన తప్పుడు చలాన్ కట్టేయాలా, కాదనాలా? బండి ఇన్సూరెన్స్ ప్రీమియం పెరుగుతుందా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మీది ఒడిశాలోని గుణుపురం, ఓడీ-18 నంబరు బైక్. రెండు ఈ-చలాన్లు కనిపిస్తున్నాయి. ఒకటి విశాఖపట్నంలో హెల్మెట్ లేకుండా వెళ్లారని. ఆ రోజు మీ బండి ఊరు దాటనే లేదు. రెండోది టెక్కలి దగ్గర హైవే మీద ఓవర్‌స్పీడ్, అది మీరేనని మీరే అంటున్నారు. వచ్చే నెలలో పాలసీ రెన్యువల్ ఉంది. "చలాన్లు పెండింగ్‌లో ఉంటే ప్రీమియం పెరుగుతుంది, ముందు రెండూ కట్టేసి రండి" అని ఏజెంటు చెప్పాడు. కట్టేయాలా, కాదనాలా, ప్రీమియం నిజంగా పెరుగుతుందా అన్నది మీ ప్రశ్న.

సూటిగా చెప్తాను. చలాన్ పడిందనో, పెండింగ్‌లో ఉందనో ఇవాళ బైక్ ఇన్సూరెన్స్ ప్రీమియం పెరగదు. టెక్కలి చలాన్ కట్టేయండి. విశాఖ చలాన్‌కి ఒక్క రూపాయి కూడా కట్టకండి, గడువులోగా కాదనండి. అలాగని చలాన్‌కీ ఇన్సూరెన్స్‌కీ సంబంధమే లేదనుకుంటే చాలా నష్టపోతారు. రేపు ఏదైనా జరగరానిది జరిగి క్లెయిమ్‌కి వెళ్లినప్పుడు దాని దెబ్బ తెలుస్తుంది. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

నేను పర్లాకిమిడిలో వకీలుని. ఎక్కువగా మోటారు ప్రమాదాల పరిహారం కేసులు చూస్తాను. మాది ఒడిశా సరిహద్దు, ఇక్కడివాళ్లకి ఆంధ్రలోని పాతపట్నం వెళ్లడమంటే పక్క వీధికి వెళ్లినట్టే. కూరగాయలకీ ఆసుపత్రికీ చుట్టాలింటికీ రోజూ రాష్ట్రం దాటుతుంటారు. కాబట్టి ఒడిశా నంబరు బండికి ఆంధ్ర చలాన్, ఆంధ్ర లైసెన్సున్న మనిషికి ఒడిశా చలాన్, ఇలాంటి చిక్కులు నా దగ్గరకి ఎప్పుడూ వస్తూనే ఉంటాయి.

ముందు ప్రీమియం సంగతి చూద్దాం. మీ పాలసీలో ముఖ్యంగా రెండు భాగాలుంటాయి. థర్డ్ పార్టీ భాగం రేటు కంపెనీ చేతిలో లేదు, కేంద్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది. 2022 జూన్ 1 నుంచి అమలైన రేట్ల ప్రకారం 75 నుంచి 150 సీసీ బైక్‌కి ఏడాదికి 714 రూపాయలు, 150 దాటి 350 సీసీ వరకూ 1,366 రూపాయలు, పన్ను అదనం. మీకు ఒక్క చలాన్ లేకపోయినా అంతే, ఇరవై ఉన్నా అంతే.

రెండోది ఓన్ డ్యామేజ్, అంటే మీ బండికి జరిగే నష్టానికి. దీని రేటు వేసుకునే స్వేచ్ఛ 2007 నుంచి కంపెనీలకే ఉంది. బండి వయసు, ఐడీవీ (అంటే పాలసీలో బండికి కట్టిన విలువ), సీసీ, ఊరు, పాత క్లెయిమ్‌లు చూసి లెక్కగడతారు. ఇందులో మీకు నిజంగా డబ్బు మిగిల్చేది నో క్లెయిమ్ బోనస్. క్లెయిమ్ లేకుండా ఏడాది గడిస్తే 20 శాతం, తర్వాత 25, 35, 45, ఐదేళ్లకి 50 శాతం. అది పోయేది క్లెయిమ్ చేసినప్పుడు, లేదా పాలసీ అయిపోయాక 90 రోజుల్లో రెన్యువల్ చేయించనప్పుడు. చలాన్ వల్ల పోదు.

మరి ఏజెంటు మాట ఎక్కడి నుంచి వచ్చింది? గాలిలోంచి పుట్టింది కాదు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ వేసిన వర్కింగ్ గ్రూపు 2021 జనవరిలో ఒక నివేదిక ఇచ్చింది. ట్రాఫిక్ ఉల్లంఘనలకు పాయింట్లు వేసి, పాయింట్లు పెరిగేకొద్దీ విడిగా ఒక ప్రీమియం వసూలు చేయాలని అందులో చెప్పారు. తాగి నడిపితే 100 పాయింట్లు, తప్పుడు పార్కింగ్‌కి 10. ముందు ఢిల్లీలో ప్రయోగాత్మకంగా పెట్టాలన్నారు. అప్పుడు పేపర్లలో బాగా వచ్చింది. తర్వాత కూడా చలాన్లు ఎగ్గొట్టేవాళ్లకి ప్రీమియం పెంచాలనే మాట అడపాదడపా వినిపిస్తూనే ఉంది. అయితే దేశమంతటా అమలయ్యే నిబంధనగా అది రాలేదు. చలాన్ కడితేనే పాలసీ ఇవ్వాలనే షరతూ చట్టంలో లేదు.

ఏజెంటు ఈసారి ఎక్కువ చెప్తే ఆయనతో వాదన పెట్టుకోకండి. పోయినేడాది పాలసీ, ఈ ఏడాది కొటేషన్ రెండూ పక్కపక్కన పెట్టండి. ఐడీవీ ఎంత, బోనస్ శాతం ఎంత, యాడ్-ఆన్‌లు (అదనపు డబ్బుకి కలిపే కవర్లు) ఏవి, యజమానికి పర్సనల్ యాక్సిడెంట్ కవర్ కలిపారా, ఒక్కో గడి చూడండి. నా దగ్గరకి వచ్చినవాళ్లలో "చలాన్ వల్ల పెరిగింది" అన్నవాళ్ల కాగితాలు చూస్తే బోనస్ పోయి ఉంటుంది, లేదా అడగని యాడ్-ఆన్ ఒకటి దూరి ఉంటుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను.

చలాన్ కట్టేస్తే అంతటితో అయిపోయిందనుకోకండి. హెల్మెట్ చలాన్‌ని చాలామంది 1,000 రూపాయల సంగతిగానే చూస్తారు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో వచ్చిన సెక్షన్ 194డి చదవండి. 1,000 రూపాయల జరిమానాతోపాటు మూడు నెలలు లైసెన్సుకి అనర్హత కూడా అందులోనే ఉంది. చలాన్ డబ్బు కట్టి రాజీ చేసుకున్నా లైసెన్సు మీద చర్య ఆగదని సెక్షన్ 200 స్పష్టంగా చెప్తుంది. పోలీసులు లైసెన్సుని ఆర్టీవోకి పంపవచ్చు, ఆర్టీవో సస్పెండ్ చేయవచ్చు. ఒడిశాలో ఇది కాగితం మీద ఉండిపోయిన నిబంధన కాదు, హెల్మెట్ లేనివాళ్ల లైసెన్సులు నిజంగానే సస్పెండ్ చేస్తున్నారు.

సస్పెన్షన్‌లో ఉండగా బండి నడిపితే సెక్షన్ 182 కింద 10,000 రూపాయల జరిమానా, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. అంతకన్నా పెద్ద ప్రమాదం ఇన్సూరెన్స్ వైపు నుంచి వస్తుంది. అనర్హత కాలంలో ఉన్న మనిషి నడిపితే బాధ్యత కాదనే హక్కు సెక్షన్ 150 ఇన్సూరెన్స్ కంపెనీకి ఇచ్చింది. ఆ మూడు నెలల్లో ప్రమాదం జరిగితే మీ బండి రిపేరు క్లెయిమ్ తిరస్కరిస్తారు. ఎదుటివాళ్లకి దెబ్బ తగిలితే, పరిహారం కేసులు విచారించే ట్రిబ్యునల్ సాధారణంగా "ముందు కంపెనీ కట్టాలి, తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోవాలి" అని ఆర్డర్ వేస్తుంది. 2004లో సుప్రీంకోర్టు స్వరణ్ సింగ్ కేసులో ఇచ్చిన తీర్పు నుంచి ట్రిబ్యునళ్లు పట్టుకున్న దారి ఇది. బాధితుడి కుటుంబానికి డబ్బు అందుతుంది, అది న్యాయమే. ఆ తర్వాత కంపెనీ మీ పొలం, ఇల్లు మీదకి వస్తుంది. యజమానిగా మీకున్న 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్‌కి కూడా చెల్లే లైసెన్సు ఉండాలన్నది షరతు. అంటే మీకే ఏదైనా జరిగితే ఇంట్లోవాళ్లకి ఆ డబ్బూ దక్కదు.

కాశీనగర్ వైపు నుంచి ఒక కూరగాయల వ్యాపారి కేసు చూశాను. హెల్మెట్ చలాన్ పడితే అక్కడికక్కడే కట్టేశారు. తర్వాత ఆర్టీవో నుంచి సస్పెన్షన్ మెసేజ్ వెళ్లింది కానీ లైసెన్సులో ఉన్నది ఎప్పుడో వదిలేసిన పాత ఫోన్ నంబరు. ఆయనకి ఏమీ తెలియదు, రోజూలాగే తెల్లవారుజామున సంతకి బండి మీదే వెళ్తున్నారు. ఒక రోజు రోడ్డు దాటుతున్న పెద్దాయన్ని గుద్దేశారు. ఆయన కాలు తీసేయాల్సి వచ్చింది. ట్రిబ్యునల్‌లో కంపెనీ తరఫు వకీలు మొదటి వాయిదాలోనే లైసెన్సు స్టేటస్ ప్రింట్ తీసి పెట్టారు. పరిహారం కంపెనీ కట్టింది, తర్వాత రికవరీ కేసు వేసింది. బంగారం తాకట్టు పెట్టి, పొలంలో కొంత అమ్మి ఆ మనిషి కడుతున్నారు. పాలసీ చూస్తే ఏటా ఒక్క రోజు ఆలస్యం లేకుండా రెన్యువల్ చేయించుకున్నారు పాపం.

అందుకని అందరికీ చేతులెత్తి చెప్తున్నాను: రవాణా శాఖ పరివాహన్ సైట్‌లో మీ లైసెన్సులోనూ ఆర్‌సీలోనూ ఇప్పుడు వాడుతున్న ఫోన్ నంబరు ఉందో లేదో చూసుకోండి. లేకపోతే ఇవాళే మార్పించండి. సస్పెన్షన్‌కి ముందు మీ మాట వినాలని సెక్షన్ 19 చెప్తుంది, ఆర్డర్ మీద 30 రోజుల్లో అప్పీలు కూడా ఉంది. కానీ నోటీసు అందనివాడు ఏం చెప్పుకుంటాడు, ఎక్కడ చెప్పుకుంటాడు?

మీ విశాఖ చలాన్ "వెయ్యి రూపాయలే కదా" అని కట్టేయొద్దనడానికి మొదటి కారణం ఇదే. కట్టడమంటే ఆ తప్పు మీదేనని ఒప్పుకోవడం. రెండో కారణం ఇంకా బరువైనది. మీ బండి గుణుపురంలో ఉండగా విశాఖలో చలాన్ పడిందంటే రెండింట్లో ఒకటి జరిగి ఉండాలి. కెమెరా గానీ మనిషి గానీ నంబరు తప్పు చదివి ఉండాలి. లేకపోతే మీ నంబరు ప్లేటుతో ఇంకో బండి తిరుగుతూ ఉండాలి. రెండోదే నిజమైతే ఆ బండి రేపు ఎవరినైనా గుద్ది పారిపోయినా, దొంగతనంలో దొరికినా పోలీసులు ముందు మీ గుమ్మంలోనే నిలబడతారు. ప్రమాదం కేసైతే ట్రిబ్యునల్ నోటీసు మీకూ మీ ఇన్సూరెన్స్ కంపెనీకీ వస్తుంది. ఆ రోజు "ఆ బండి మాది కాదు" అని మీరంటే, "మరి అదే నంబరు మీద పడిన చలాన్ అప్పట్లో ఎందుకు కట్టారు?" అని అవతలి వకీలు అడుగుతాడు. నేను అవతలి వకీలునైనా అదే అడుగుతాను.

ఎలా కాదనాలో చెప్తాను. ముందు చలాన్ తెరిచి ఫోటోని పెద్దది చేసి తాపీగా చూడండి. కోపంతో పెట్టే ఫిర్యాదులు పనిచేయవు, ఫోటోలో తేడా చూపించేవి పనిచేస్తాయి. మొదట ప్లేటు మీద అక్షరాలు. 8ని బీ అనీ, సున్నాని డీ అనీ చదవడం మామూలు. ఓడీ-18, ఓడీ-16 మధ్య తేడా రాత్రి ఫోటోలో సరిగా కనబడదు. తర్వాత బండి. మీది బైక్, ఫోటోలో స్కూటీ ఉంటే పని సగం అయిపోయినట్టే. ఒకే మోడల్ అయినా రంగు, ట్యాంకు మీద స్టిక్కరు, లెగ్ గార్డు, చీర గార్డు, సైలెన్సర్, వెనక లైటు ఆకారం, అద్దాలు ఒక్కొక్కటీ పోల్చండి.

తర్వాత ప్లేటునే దగ్గర నుంచి చూడండి. 2019 ఏప్రిల్ 1 తర్వాత తయారైన బండ్లకి హై సెక్యూరిటీ ప్లేటు తప్పనిసరి, పాత బండ్లకీ వేయించుకుంటున్నారు. ఆ ప్లేటు ఎడమ వైపు పై మూలన చదరంగా అశోక చక్రం హోలోగ్రామ్ మెరుస్తుంది. దాని కింద నీలం రంగులో ఐఎన్‌డీ అని ఉంటుంది, ఎడమ వైపు కింద లేజర్‌తో చెక్కిన నంబరు ఉంటుంది. అక్షరాల మీదుగా ఏటవాలుగా ఇండియా అని సన్నగా అచ్చు వేసి ఉంటుంది. దొంగ ప్లేటు వేసేవాడు రోడ్డు పక్కన స్టిక్కర్ కొట్టించుకుంటాడు, వాడి ప్లేటు మీద ఇవేవీ ఉండవు. మీ ప్లేటుని పగటి వెలుతురులో దగ్గరగా ఫోటో తీయండి. ఒకసారి పోర్టల్ నుంచి తిప్పిపంపిన ఫిర్యాదునే రెండోసారి ఇదే తేడాని ఎర్ర గీతతో చుట్టి పెట్టించాను. చలాన్ తీసేశారు.

జాతీయ రహదారుల మీదా, పెద్ద నగరాల కూడళ్లలోనూ కెమెరాలు వేసే చలాన్లకు కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 167ఏ అని ఒకటి 2021 ఆగస్టులో వచ్చింది. తప్పు జరిగిన 15 రోజుల్లో నోటీసు పంపాలని, నంబరు ప్లేటూ తప్పూ స్పష్టంగా కనిపించే ఫోటో ఉండాలని, తేదీ, సమయం, చోటు రాయాలని, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్ జతచేయాలని అందులో ఉంది. కేసు తేలేదాకా ఆ రికార్డు దాచి ఉంచాలి కూడా. ఫోటో మసకగా ఉన్నా, నోటీసు చాలా ఆలస్యంగా వచ్చినా ఫిర్యాదులో రాయండి. అయితే "నోటీసు లేటయింది" అన్న ఒక్క కారణం మీదే బరువంతా వేయకండి. మీ దగ్గర అంతకన్నా బలమైన మాట ఉంది: ఆ బండి మీది కాదు.

ఆ రోజు మీ బండి గుణుపురంలోనే ఉందని చూపించేది ఏదైనా సంపాదించండి. మీరు పనిచేసే చోటి హాజరు, బంకులో పెట్రోలు కొట్టించిన బిల్లు, సర్వీసింగ్ జాబ్ కార్డు, ఫోన్‌లో లొకేషన్ టైమ్‌లైన్, ఇంటి పక్క కొట్టు సీసీటీవీ. ఈ చివరిది వెంటనే కాపీ చేయించుకోండి, కొన్నాళ్లకే పాత వీడియో మీద కొత్తది ఎక్కేస్తుంది. రెండు వారాలు ఆగి వెళ్తే కొట్టువాడు ఎంత మంచివాడైనా ఇవ్వడానికి ఏమీ మిగలదు.

ఫిర్యాదు పెట్టాల్సింది కేంద్ర ఈ-చలాన్ పోర్టల్‌లో, ఫిర్యాదుల విభాగంలో. చలాన్ ఏ పోలీసుల సొంత సైట్‌లో కనిపిస్తోందో అక్కడ కూడా చూడండి. ఆంధ్ర, తెలంగాణ పోలీసులకి విడి సైట్లున్నాయి, ఒకచోట ఉన్న చలాన్ ఇంకోచోట కనబడకపోవచ్చు. విశాఖ ట్రాఫిక్ పోలీసులకి దరఖాస్తు తెలుగులోనే రాయొచ్చు, ఇది మనకి కలిసొచ్చే విషయం. ఒడిశా చలాన్ అయితే ఒడియాలోనో ఇంగ్లీషులోనో రాయించండి. మనవాళ్లు ఒడియా గడగడా మాట్లాడతారు కానీ రాయమంటే చాలామంది ఆగిపోతారు. కోర్టు దగ్గర మొహరీర్‌ని (వకీలు గుమాస్తాని) అడిగితే రాసిపెడతాడు, రాశాక మాత్రం చదివించుకుని వినండి. దరఖాస్తు పెద్దగా ఉండనక్కర్లేదు. చలాన్ నంబరు, తేదీ, ఆ సమయానికి బండి ఎక్కడుంది, ఫోటోలో బండికీ మీ బండికీ తేడాలు, జతచేసిన కాగితాలు, రద్దు చేయమని విన్నపం. అంతే. కథ రాయకండి.

దొంగ ప్లేటు అని అనుమానం ఉంటే గుణుపురం పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. "విశాఖలో జరిగింది కదా, అక్కడికే వెళ్లండి" అంటే, నేరం ఎక్కడ జరిగినా సమాచారం నమోదు చేయాలని 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త క్రిమినల్ చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 173లో ఉందని మర్యాదగా చెప్పండి. ఒక కాపీ మీ బండి రిజిస్టరైన రాయగడ ఆర్టీవోకి కూడా ఇవ్వండి.

పోర్టల్‌లో పని అవకపోతే చలాన్ కోర్టుకి వెళ్తుంది. కొన్నిచోట్ల ముందు ఆన్‌లైన్‌లోనే నడిచే వర్చువల్ కోర్టుకి వస్తుంది, అక్కడ "జరిమానా కడతాను", "కేసు నడుపుతాను" అని రెండు దారులుంటాయి. రెండోది నొక్కితే మామూలు కోర్టుకి మారుతుంది. కేసు నడిచేది తప్పు జరిగిందన్న చోటే కాబట్టి మీకు విశాఖే. ప్రతి వాయిదాకీ మీరు ప్యాసింజర్ రైలెక్కి వెళ్లక్కర్లేదు. ఇలాంటి చిన్న కేసుల్లో సెక్షన్ 208 కింద వకీలు ద్వారా హాజరయ్యే వీలు సమన్లలోనే ఇస్తారు. డబ్బు ఇబ్బంది ఉంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థని అడగండి. మహిళలకీ, ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకీ, వికలాంగులకీ ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలుని ఇస్తారు. మన జిల్లాల్లో ఎంతోమందికి ఈ హక్కు ఉంది, వాడుకునేవాళ్లే తక్కువ.

పాత చలాన్లున్నవాళ్లకి ఇంకొక మాట. జరిమానా మాత్రమే శిక్షగా ఉన్న నేరానికి ఆరు నెలల్లోగా కోర్టు కేసు చేపట్టాలని ఇందాక చెప్పిన సురక్షా సంహితలోనే సెక్షన్ 514 చెప్తుంది. ఎప్పటిదో చలాన్ ఇప్పుడు కోర్టుకి వస్తే మీ వకీలుకి ఈ సంగతి గుర్తుచేయండి. ఊరికే పడుకోబెడితే అదే పోతుందని మాత్రం ఆశ పెట్టుకోవద్దు. చలాన్ పెండింగ్‌లో ఉంటే బండి పేరు మార్పు, ఎన్‌వోసీ (నిరభ్యంతర పత్రం) లాంటి పనులు ఆర్టీవోలో ఆగిపోతాయి. గడువు దాటితే తప్పు ఒప్పుకున్నట్టే లెక్కకట్టే వైపు నిబంధనలు కూడా బిగుస్తున్నాయి. మీ చలాన్ మీద ఉన్న గడువు తేదీ చూసి, దానికి చాలా ముందే ఫిర్యాదు పెట్టండి.

లోక్ అదాలత్ గురించి చాలామంది అడుగుతారు. జాతీయ లోక్ అదాలత్‌లో రాజీకి వీలున్న చలాన్లు తగ్గించిన మొత్తానికి తేల్చేస్తారు. మీదే తప్పయి డబ్బు భారమైతే మంచి దారి. తెలంగాణలో ప్రభుత్వమే 2022లో ఒకసారి, 2023 డిసెంబరులో ఒకసారి పెద్ద రాయితీలు ఇచ్చింది. కానీ మీ విశాఖ చలాన్‌ని దయచేసి లోక్ అదాలత్‌కి తీసుకెళ్లకండి. అక్కడ కుదిరేది రాజీ, దాని మీద అప్పీలు ఉండదు. చేయని తప్పుకి సగం ధర కట్టినా కట్టినట్టే.

టెక్కలి ఓవర్‌స్పీడ్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. నాలుగు వరసల హైవే మీద టూ వీలర్‌కి కేంద్రం 2018లో పెట్టిన గరిష్ఠ వేగం గంటకి 80 కిలోమీటర్లు, స్థానికంగా ఇంకా తగ్గించి బోర్డు పెట్టొచ్చు. మీరు దాటానంటున్నారు, ఫోటోలో బండి మీదే. కట్టేయండి. నిజమైన చలాన్‌ని కూడా ఏదో ఒక లొసుగు పట్టి కొట్టించమని వచ్చేవాళ్లని నేను తిప్పి పంపిస్తాను. పరిహారం కేసుల్లో రోజూ చూసే ఎక్స్‌రేలు చాలు నాకు.

కట్టేముందు ఒక జాగ్రత్త. వాట్సాప్‌లో "మీ చలాన్ చూడండి" అంటూ వచ్చే ఫైలు, ముఖ్యంగా ఫోన్‌లో యాప్ ఎక్కించే ఏపీకే ఫైలు, తెరిచారా బ్యాంకు ఖాతా ఖాళీ. చివర గవ్ డాట్ ఇన్ ఉన్న ప్రభుత్వ సైట్ పేరు మీరే టైప్ చేసి వెళ్లండి.

మన సరిహద్దుల్లో ఎక్కువగా చూసే ఇంకో రకం ఉంది, మీది అది కాదని నిర్ధారించుకోండి. బండి అమ్మేసి పేరు మార్చకుండా వదిలేయడం. రాయగడలో కొన్న బండి పార్వతీపురంలో చుట్టాలకి అమ్ముతారు, స్టాంపు కాగితం మీద సంతకం చేసుకుంటారు, అక్కడితో ఆగిపోతారు. చలాన్లు పాత యజమానికే వస్తాయి. వాటికైనా ఏడ్చి ఊరుకోవచ్చు. రికార్డులో ఎవరి పేరు ఉంటే ప్రమాదంలోనూ వారే యజమాని అని 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. పేరు మార్పుకి ఫారం 29, 30 పెట్టి, వేరే రాష్ట్రానికి వెళ్లే బండికి ఫారం 28 ఎన్‌వోసీ తీసి, పేరు మారిందని ఆన్‌లైన్‌లో కనబడేదాకా వదలకండి.

రెన్యువల్ మాత్రం చలాన్ల గొడవ తేలేదాకా ఆపకండి. ఏజెంటు మాట విని "ముందు చలాన్ తేల్చుకుని తర్వాత కడతాను" అనుకుంటే పాలసీ మధ్యలో తెగిపోతుంది. ఇన్సూరెన్స్ లేకుండా దొరికితే మొదటిసారి 2,000, మళ్లీ దొరికితే 4,000 రూపాయల జరిమానా. ఒడిశాలో టోల్‌గేట్ల దగ్గర ఈ-డిటెక్షన్ పెట్టాక, ఎవరూ ఆపకుండానే కెమెరా నంబరు చదివి ఇన్సూరెన్స్ లేని బండికి చలాన్ పంపిస్తోంది. పాలసీ కొన్నాక అది ఎప్పటి నుంచి మొదలవుతుందో గంటతో సహా చూడండి. తెగిపోయిన పాలసీ మళ్లీ కొంటే చాలాసార్లు ఆ అర్ధరాత్రి నుంచే మొదలవుతుంది, పొద్దున కట్టి మధ్యాహ్నం రోడ్డెక్కితే ఆ కాసేపూ కవర్ లేనట్టే. పాలసీ ఉన్నా ఆన్‌లైన్‌లో ఎక్కక చలాన్ పడితే మాత్రం కంగారు పడొద్దు. పాలసీ కాపీ పెట్టి ఫిర్యాదు చేస్తే అది తేలిగ్గా తేలిపోయే రకం. పొల్యూషన్ సర్టిఫికెట్ లేదని క్లెయిమ్ తిరస్కరిస్తారేమోననే టెన్షన్ కూడా చాలామందికి ఉంది. ఆ ఒక్క కారణంతో క్లెయిమ్ కాదనకూడదని ఐఆర్‌డీఏఐ 2020 ఆగస్టులోనే స్పష్టం చేసింది. సర్టిఫికెట్ లేకపోతే చలాన్ పడుతుంది, అది వేరే సంగతి.

మీ పని వరస ఇదీ. ఇవాళ చలాన్ ఫోటో దించుకుని సీసీటీవీ కాపీ అడగండి. ఈ వారంలో పోర్టల్ ఫిర్యాదు, స్టేషన్‌లో ఫిర్యాదు. టెక్కలిది ఆన్‌లైన్‌లో కట్టి రసీదు తీసుకోండి. పాలసీ గడువుకి వారం ముందే రెన్యువల్ చేయించండి. లైసెన్సు స్టేటస్ మధ్యమధ్యలో చూస్తూ ఉండండి. విశాఖ చలాన్ పేరు చెప్పి ఆర్టీవో నుంచి సస్పెన్షన్ నోటీసు వస్తే అదే ఫిర్యాదు రసీదు జతచేసి జవాబివ్వండి. కెమెరా నోటీసు వచ్చేది బండి యజమానికి, సస్పెండ్ చేయాల్సింది నడిపిన మనిషి లైసెన్సు. నడిపింది మీరేనని తేలకుండా మీ లైసెన్సు మీద చర్య ఎలా తీసుకుంటారని గట్టిగా అడగండి.

చలాన్ రద్దయ్యాక పోర్టల్‌లో స్టేటస్ మారిన పేజీ ప్రింట్ తీసి, స్టేషన్ రసీదుతో కలిపి ఆర్‌సీ కాగితాల్లోనే పెట్టండి. దొంగ ప్లేటు బండి దొరకనంత కాలం అదే నంబరుకి మళ్లీ చలాన్ రావచ్చు. అప్పుడు పాత చలాన్ నంబరు, అది రద్దయిన తేదీ మొదటి వాక్యంలోనే రాయండి.